సెలైన్ సీసా తగిలించే ముందు

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదకొండున్నరకు ఫోను మోగింది. మా మేనకోడలి స్నేహితురాలు. పాతపట్నం వైపు ఊరు. ఏఎన్‌ఎం చదివి, మహేంద్రతనయ నది దాటి ఇటు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక నర్సింగ్ హోములో చేరి అప్పటికి మూడో రోజు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"అత్తా, జ్వరంతో ఒకాయనను తీసుకొచ్చారు. మా డాక్టరు గారు ఊళ్లో లేరు. సెలైన్ పెట్టేయమంటున్నారు. పెట్టవచ్చా?"

"ఎవరు పెట్టమంటున్నారు?"

"ఆయనను వెంటబెట్టుకొచ్చిన ఆర్‌ఎంపీ డాక్టరు గారు."

"ఏ సెలైను?"

కాసేపు మాట లేదు. "ఏదో ఒకటి పెట్టు, నీరసంగా ఉన్నాడు అన్నారు."

ఆ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు లేదు కాబట్టి సీసా పెట్టవద్దన్నాను. ముందు జ్వరం, నాడి, రక్తపోటు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో చూసి రాసిపెట్టు, తర్వాత మీ డాక్టరు గారు ఎక్కడ ఉంటే అక్కడికి ఫోను చెయ్యి అన్నాను. ఆ రాత్రి చెప్పడానికి వ్యవధి లేక మిగిలిపోయిన సంగతులు చాలా ఉన్నాయి. సరిహద్దు దాటి ఇటు ఉద్యోగానికి వచ్చే పిల్లలందరికీ పనికొస్తాయని ఇప్పుడు రాస్తున్నాను.

నేను బరంపురంలో జనరల్ నర్సింగ్ చదివి 1987లో ఉద్యోగంలో చేరాను. అప్పుడు ఇదంతా గంజాం జిల్లా. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా విడిపోయింది. నేను ఉన్నచోట ఉండగానే నా జిల్లా మారిపోయింది. గుమ్మా, కాశీనగర్, తర్వాత రాయగడ జిల్లాలో గుణుపూర్ వైపు కొన్నేళ్లు, మళ్లీ ఇక్కడే. 2024లో పదవీ విరమణ. ఆర్డరు షీటు మీద ఇంగ్లీషు, డాక్టరు నోట ఒడియా, రోగి నోట తెలుగో సవరో. మధ్యలో నర్సు. ఇక్కడ ఉద్యోగమంటే ఇదే.

ముందు మీ చేతిలో ఉన్న కాగితం ఏమిటో చూసుకోండి. తెల్లకోటు వేసుకున్నవారందరూ రోగికి సిస్టరే. చట్టానికి మాత్రం కాదు. 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం కింద జనరల్ నర్సింగ్ గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివినవారు రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. రెండేళ్ల ఏఎన్‌ఎం చదివినవారు రిజిస్టర్డ్ ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. ఈ రెండూ వేర్వేరు జాబితాలు. ఏఎన్‌ఎం కోర్సు సబ్ సెంటరును, పల్లెను, ప్రసవాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేసినది. వార్డులో పదిమంది రోగుల సెలైన్లు ఒంటరిగా చూసుకోవడానికి తయారు చేసినది కాదు. ఇక ఆరు నెలల సహాయకుల కోర్సు చేసినవారి పేరు ఏ నర్సింగ్ రిజిస్టరులోనూ ఉండదు. వారు పక్క సర్దవచ్చు, రోగిని కూర్చోబెట్టవచ్చు, అన్నం తినిపించవచ్చు. నరంలోకి పోయే దేనినీ ముట్టుకోకూడదు, సీసా ఖాళీ అయితే మార్చడం కూడా అందులోకే వస్తుంది. జీతం తక్కువని వీరితో రాత్రి డ్యూటీ నడిపించే చోట్లు నేను చూశాను. అలాంటి చోట మీరు ఒక్కరే రిజిస్టరులో ఉన్న మనిషి అయితే, వారు చేసిన తప్పు కూడా తెల్లారేసరికి మీ తలమీదికి వస్తుంది.

2023లో పార్లమెంటు కొత్తగా జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. పాత చట్టం స్థానంలోకి రావలసినది అదే. అందులోనూ ఈ తేడా పోలేదు. నర్సింగ్ ప్రొఫెషనల్ వేరు, నర్సింగ్ అసోసియేట్ వేరు.

రెండో కాగితం రాష్ట్రానిది. శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో చదివి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్నవారికి ఇక్కడ పని చేసే హక్కు ఆ నమోదుతో రాదు. మీ చదువును ఒడిశా కాదనదు, గుర్తింపు ఉన్న చదువు ఏ రాష్ట్రంలోనైనా నమోదుకు అర్హతే. కానీ నమోదు మాత్రం చేయించుకోవాలి. ఆంధ్ర కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకుని భువనేశ్వర్‌లోని ఒడిశా కౌన్సిల్లో దరఖాస్తు పెట్టుకోండి. అటు గడ్చిరోలి, చంద్రపూర్ వైపు వెళ్లేవారికి ముంబైలోని మహారాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్. "నది అవతలే కదా, పావుగంట ప్రయాణం" అని మా వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. పావుగంట ఆటో ప్రయాణమే, కానీ ఏదైనా జరిగితే పోలీసులు మొదట అడిగేది ఈ కాగితమే. మీ సర్టిఫికెట్టు గడువు తేదీ కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. నర్సు సెలైన్ పెట్టవచ్చా? మన చట్టాలన్నీ తిరగేసినా ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు దొరకదు. 1947 చట్టంలో చదువు, పరీక్ష, రిజిస్టరు గురించి ఉంటుంది. కాన్యులా, అంటే సెలైన్ కోసం నరంలో ఉంచే సన్నని గొట్టం, ఆ మాటే ఉండదు. మా చెల్లెలి కూతురు అమెరికా వెళ్లే ప్రయత్నంలో ఉండి అక్కడి నియమాలు నాకు చదివి వినిపించింది. అక్కడ ప్రాక్టికల్ నర్సు అని ఒక తరగతి ఉంది, రిజిస్టర్డ్ నర్సుకు ఒక మెట్టు కింద, ఇంచుమించు మన ఏఎన్‌ఎం ఉన్న మెట్టు. నరంలోకి ఏది ఎక్కించవచ్చు, ఏది ఎక్కించకూడదు అన్నది రాష్ట్రం రాష్ట్రానికీ రాతలో ఉంటుందట. కాలిఫోర్నియాలో బోర్డు ఒప్పుకున్న శిక్షణ పూర్తి చేస్తే ఆమె సెలైన్ మొదలుపెట్టవచ్చు, కానీ నరంలోకి మందు ఇవ్వకూడదు. ఫ్లోరిడాలో అయితే దీనికోసమే 30 గంటల కోర్సు ఉంది, అది చేసినా రక్తం, క్యాన్సర్ మందుల జోలికి సొంతంగా పోకూడదు. వింటుంటే నాకు అసూయ కలిగింది. గీత ఎక్కడుందో తెలిస్తే దాటకుండా ఉండటం సులువు.

మనకు గీత ఒకచోట లేదు, నాలుగు చోట్ల ముక్కలుగా ఉంది. మీ పేరు ఏ రిజిస్టరులో ఉంది, ఆ పని మీకు నేర్పించారా, మీ ఆసుపత్రి రాతపూర్వకంగా ఆ పని మీకు అప్పగించిందా, రిజిస్టరులో ఉన్న డాక్టరు ఈ రోగికి ఈ ద్రవం రాశారా. ఈ నాలుగూ కలిసినచోట చెయ్యి వేయవచ్చు. ఒక్కటి తప్పినా ఆగాలి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. చేరిన రోజే అడగండి, ఇక్కడ నర్సులు ఏవి చేయవచ్చో రాసిన కాగితం ఉందా అని. లేదంటే, మీ నియామక పత్రం మీదనైనా రాసివ్వమనండి. మొహమాటపడకండి. అడిగితే ఉద్యోగం ఇవ్వనన్న చోట ఉద్యోగం లేకపోవడమే నయం.

నాలుగోదాని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

1989. ఏ ఆసుపత్రో అనవసరం. మగవారి వార్డులో మధ్యాహ్నం డ్యూటీ. డాక్టరు గారు రౌండు ముగించుకుని వరండాలో నడుస్తూ, వెనక్కి తిరగకుండానే "ఆ పెద్దాయనకు ఇంకో రెండు బాటిళ్లు వెళ్లనీ" అన్నారు. ఆరో మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు, తొమ్మిదో మంచం మీద ఇంకో పెద్దాయన. నేను ఆరు అనుకున్నాను. ఆయన అన్నది విరేచనాలతో వచ్చిన తొమ్మిదో మంచం ఆయన గురించి. ఆరో మంచం ఆయనకు గుండె జబ్బు, కాళ్లు వాచి ఉన్నాయి. నొక్కితే గుంట పడేది. ఆ గుంట నేను పొద్దున చూశాను కూడా. రెండో సీసా సగానికి వచ్చేసరికి ఆయన పడుకోలేక లేచి కూర్చున్నాడు, మంచం పట్టె పట్టుకుని గాలికోసం నోరు తెరిచాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే ఎలా ఉంటుందో పుస్తకంలో చదివాను, గులాబీరంగు నురగ కళ్లారా చూసింది అప్పుడే. సెలైన్ ఆపి, కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి పరుగెత్తాను. డాక్టరు గారు వచ్చి ఒంట్లో నీరు తీసే లాసిక్స్ ఇచ్చారు. బతికాడు.

విచారణలో డాక్టరు గారు ఆరో మంచం అనలేదన్నారు. నిజమే, అనలేదు. నేను పెద్దాయన అన్నారన్నాను. అదీ నిజమే. కేసు షీటులో మాత్రం ఏమీ లేదు. మెమో నాకే వచ్చింది.

అప్పటి నుంచి "సెలైన్ పెట్టండి" అన్న మాటను నేను ఆర్డరుగా తీసుకోలేదు. రోగి పేరు, ద్రవం పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటల్లో, అందులో ఏమైనా కలపాలా, తేదీ, సమయం, సంతకం. ఇవి ఉంటేనే ఆర్డరు. "డీఎన్‌ఎస్ కంటిన్యూ" అని, అంటే గ్లూకోజు, ఉప్పు కలిసిన సెలైను అలాగే ఎక్కించమని, నిన్న రాసినది ఈ రోజుకు పనికిరాదు. నిన్న ఉన్న ఒళ్లు ఈ రోజు ఉండదు. డాక్టరు సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండేలా చూడండి. ఉదయం రౌండులో మర్చిపోతే, వెనకాలే షీటు పట్టుకుని నిలబడండి. నన్ను చాదస్తం అన్నారు. అననివ్వండి.

అర్ధరాత్రి ఫోనులో ఆర్డరు తీసుకోక తప్పని రోజులుంటాయి. అప్పుడు విన్నదాన్ని వెంటనే తిరిగి చదివి వినిపించండి, మందు పేరు అక్షరం అక్షరం పలికి, అంకెలు విడివిడిగా చెప్పి. పక్కన ఇంకో నర్సు ఉంటే ఆమెనూ విననివ్వండి. నా పాత నోటుబుక్కులో ఇలా ఉండేది: "రాత్రి 11.40. ఫోనులో ఆర్డరు. ఎన్‌ఎస్ 500 మిల్లీలీటర్లు, 6 గంటల్లో. తిరిగి చదివాను, అవునన్నారు." ఎన్‌ఎస్ అంటే మామూలు సెలైను. కింద నా పేరు, విన్న ఆవిడ పేరు. 24 గంటల్లోపు డాక్టరు సంతకం. మర్నాడు ఉదయం షీటు డాక్టరు టేబులు మీద పైకి కనిపించేలా పెట్టేదాన్ని.

ఇక ఆ ఆర్‌ఎంపీ డాక్టరు గారి సంగతి. మన తెలుగు పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే సైకిలు మీద సంచీ పెట్టుకుని ఇంటింటికీ వచ్చి సూది వేసే మనిషి. మంచివారున్నారు, రాత్రిళ్లు కొండ దిగి రోగిని మోసుకొచ్చినవారూ ఉన్నారు. వారిమీద నాకు కోపం లేదు. కానీ చట్టంలో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే గుర్తింపు పొందిన వైద్య విద్య చదివి జాతీయ రిజిస్టరులోనో రాష్ట్ర వైద్య రిజిస్టరులోనో పేరున్న డాక్టరు. అక్షరాలు అవే, మనిషి వేరు. సంచీ ఆర్‌ఎంపీ మాట మీద మీరు కాన్యులా వేస్తే, ఆర్డరు లేకుండా వేసినట్టే లెక్క.

ఇదే మాట ఇంకోచోట మన మెడకు చుట్టుకుంటుంది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత శిక్షాస్మృతిలోని 304ఏ స్థానంలో ఇందులో 106వ సెక్షన్ ఉంది. నిర్లక్ష్యం వల్ల మనిషి ప్రాణం పోతే 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా. వైద్యం చేస్తుండగా రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వల్ల జరిగితే మాత్రం 2 ఏళ్ల వరకు. ఆ మాటకు అక్కడే వివరణ ఇచ్చారు, అందులో నర్సు లేదు. అంటే ఒకే మంచం దగ్గర, ఒకే సీసా వల్ల జరిగిన నిర్లక్ష్యానికి డాక్టరుకు 2 ఏళ్ల వరకు, నర్సుకు 5 ఏళ్ల వరకు పడవచ్చు. నాకిది న్యాయంగా కనిపించలేదు. కానీ రాసింది అదే కాబట్టి, ఆర్డరు షీటు మీద సంతకం అడగడానికి మొహమాటపడే పిల్లలకు నేను మొదట చెప్పేదీ అదే.

ఢిల్లీలోని స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో 1998లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. టైఫాయిడ్‌తో చేరిన చిన్న పిల్లవాడికి నర్సు ఒక మందుకు బదులు క్లోరోక్విన్ నరంలోకి ఇచ్చింది. పిల్లవాడు అక్కడికక్కడే కుప్పకూలాడు, మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఆమెకు నర్సుగా తగిన అర్హతే లేదని తేలింది. అర్హత లేని మనిషితో ఇంజెక్షన్ ఇప్పించినందుకు డాక్టరుదీ ఆసుపత్రిదీ తప్పేనని కోర్టు తేల్చింది. తల్లిదండ్రులు పడిన క్షోభకు విడిగా 5 లక్షల రూపాయలు ఇవ్వమంది. యజమాని మీ మాట వినకపోతే, నర్సు తప్పుకు పరిహారం కట్టవలసింది యజమానే అన్న సంగతి చెప్పండి. అప్పుడు వింటారు.

సబ్ సెంటరులో, ఆరోగ్య కేంద్రంలో పని చేసే ఏఎన్‌ఎంలకు డాక్టరు లేనప్పుడు కొంత వెసులుబాటు ఉంది. అది ప్రసవ శిక్షణ పొందినవారికి కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలతో ఇచ్చినది. బిడ్డ బయటికి వచ్చిన నిమిషంలోపు తల్లికి గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండలోకి. ప్రసవం తర్వాత రక్తం ఆగకపోతే లైను వేసి, ద్రవం ఎక్కిస్తూ, 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి పంపడం. గర్భిణికి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు, ఒక్కో పిరుదులోకి 5 గ్రాములు, లోతుగా, కండలోకి, ఆ తర్వాత రిఫరల్. పెద్దాసుపత్రికి తీసుకెళ్లడం ఏ రకంగానూ కుదరని పసిబిడ్డకు సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్, లక్షణాలుంటే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, 2014 మార్గదర్శకాల ప్రకారం. వీటిలో చాలావరకు కండలోకే, నరంలోకి కాదు. గమనించారా?

ఆ ఆక్సిటోసిన్ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. బిడ్డ పుట్టాక ఇవ్వమన్న మందును బిడ్డ పుట్టకముందు, నొప్పులు రావడానికని సెలైన్‌లో కలిపి పెట్టమనేవారు మన ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. అత్తగారు అడుగుతుంది, ఆటో బయట ఎదురుచూస్తోందంటుంది, పక్క ఊళ్లో ఫలానా ఆమె ఇచ్చిందంటుంది. మీరు ఏఎన్‌ఎం అయితే ఆ పని మీది కానే కాదు. గర్భసంచి చిరిగితే లోపల కారే రక్తం బయటికి కనిపించదు. బిడ్డ గుండె ఎప్పుడు నెమ్మదించిందో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. దీని గురించి నేను బేరానికి కూడా ఒప్పుకోను.

జనరల్ నర్సులకైనా కొన్ని ఒంటరిగా వద్దు. పొటాషియం ఒకటి. 10 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని సిరంజిలో తీసి నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగుతుంది. సీసాలో కలిపి, బాగా కుదిపి, నెమ్మదిగా, డాక్టరు రాసిన మోతాదులోనే. నేను పొటాషియం ఆంపూల్స్‌ను మిగతా మందులతో ఒకే ట్రేలో ఎప్పుడూ పెట్టనివ్వలేదు. రక్తం ఎక్కించడం మరొకటి. సంచి మీది నంబరూ రోగి పేరూ గ్రూపూ ఇద్దరు కలిసి చదవాలి, డాక్టరు దగ్గర ఉండాలి.

అన్నీ సరిగ్గా ఉండి పెట్టవలసి వచ్చినప్పుడు, మీకు ఆ పని చేతనవునని మీరే చూపించాలి. ముందు రోగిని అతని భాషలో అడగండి. అలర్జీ ఉందా అని ఒడియాలో అడిగితే మా తెలుగు రైతు లేదంటాడు. "ఎప్పుడైనా సూది పడలేదా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా?" అని అడిగితే, "పోయిన ఏడు పెన్సిలిన్ పడలేదమ్మా" అంటాడు. ఒకే మనిషి, ఒకే నోరు. సవర తప్ప వేరే భాష రాని వారొస్తే వెంట వచ్చిన ఆశా కార్యకర్తను కూర్చోబెట్టుకోండి.

తర్వాత సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి. మబ్బుగా ఉందా, నలకలున్నాయా, గడువు ఎప్పటిది. ఇక చుక్కల లెక్క. సెట్టు కవరు మీద మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో రాసి ఉంటుంది, మామూలు సెట్టుకు ఎక్కువగా 20, పిల్లల మైక్రో సెట్టుకు 60. డాక్టరు 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో అని రాశారనుకోండి. 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. 4 గంటలంటే 240 నిమిషాలు. నిమిషానికి సుమారు 42. నేను వాచీని చుక్కలు పడే గొట్టం పక్కన పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టేదాన్ని, పదో పదకొండో రావాలి. మైక్రో సెట్టుతో లెక్క ఇంకా సులువు, గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. ఆ తర్వాత సీసాకు నిలువునా తెల్ల ప్లాస్టరు అంటించి, ఏ గంటకు మట్టం ఎక్కడికి దిగాలో పెన్నుతో గీతలు గీయండి. రోగి చెల్లెలు గొట్టం మీద వేగం మార్చే చక్రం తిప్పి వేగం పెంచేసినా, మీరు వార్డు అవతలి కొసనుంచే కనిపెట్టగలరు. చక్రం ముట్టుకోని బంధువును నేను చూడలేదు.

గంటకోసారి చెయ్యి చూడండి, ఉబ్బిందా, చల్లగా ఉందా, నొప్పి అంటున్నాడా. చూసిన ప్రతిసారీ రాయండి. అయిపోయాక సూది తెల్లటి గట్టి డబ్బాలోకి, గొట్టం, ప్లాస్టిక్ సీసా ఎర్ర సంచిలోకి. 2016 వ్యర్థాల నియమాలవి.

ఆ జ్వరం ఆయన సంగతి మర్చిపోలేదు. అమ్మాయి ఫోను చేస్తే డాక్టరు గారు ఎత్తారు. మలేరియా పరీక్ష చేయమన్నారు, చేసింది, ఫాల్సిపారం, మలేరియాలో ప్రమాదకరమైన రకం. ఊపిరి నిమిషానికి 34, కళ్లు పచ్చబడి ఉన్నాయి. నర్సింగ్ హోములో చూసే జబ్బు కాదని వెంటనే జిల్లా ఆసుపత్రికి పంపించారు. తీవ్రమైన మలేరియాలో ద్రవం అదుపు లేకుండా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆ రాత్రి "ఏదో ఒకటి" రెండు సీసాలు దింపి ఉంటే, 1989 నాటి నా ఆరో మంచమే అయ్యేది.

చివరిగా ఇంటి దగ్గర సెలైన్. ఆసుపత్రిలో కన్నా ప్రమాదం ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే అడిగేది యజమాని కాదు, మేనత్తా పెద్దమ్మా. మందుల దుకాణంలో సీసా, సెట్టు, కాన్యులా కొనుక్కొచ్చి, గోడకు మేకు కూడా కొట్టి ఉంచి, అప్పుడు మిమ్మల్ని పిలుస్తారు. డాక్టరు చీటీ లేకుండా జబ్బేమిటో మీరే తేల్చి సెలైన్ పెట్టడమంటే అది నర్సింగ్ కాదు, వైద్యం. రిజిస్టరులో లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 200 రూపాయల కోసమో, మాట పోతుందనో ఆ పని చేయకండి. చీటీ ఉన్నా, ఒళ్లంతా వణుకు పట్టుకుంటే ఇచ్చే మందు ఆ ఇంట్లో ఏముంటుంది?

మా వియ్యపురాలికి ప్రతి వేసవిలో నీరసం. రెండేళ్ల క్రితం పండక్కి వెళ్తే, మంచం పక్కన గ్లూకోజు సీసా సిద్ధంగా ఉంది. "వదినా, మీరుండగా నాకేం లోటు, ఒకటి పెట్టేయండి" అంది. పదిమంది చూస్తున్నారు, మా అమ్మాయి కూడా. నేను సీసా చేతిలోకి తీసుకుని, పైన రాసింది ఆవిడకు చదివి వినిపించాను. 5 శాతం గ్లూకోజు, 500 మిల్లీలీటర్లు. అంటే 25 గ్రాములు, అయిదారు చెంచాల చక్కెర. పక్కన ఉన్న ఇంకో సీసా మామూలు సెలైను, అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. "ఈ చక్కెర, ఈ ఉప్పు, నిమ్మకాయ కలిపి గ్లాసులో ఇస్తాను, తాగుతారా? నోరు బాగానే ఉంది కదా" అన్నాను. నోరు బాగానే ఉందన్నందుకు కొంత కోపం వచ్చింది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంది. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7, అంటే రక్తం బాగా తక్కువ. ఎన్ని సీసాలు ఎక్కించినా తగ్గే నీరసం కాదది. డాక్టరు మందులు రాశారు, మూడు నెలల్లో కోలుకుంది.

ఇప్పటికీ వీధిలో ఎవరికైనా నీరసమంటే ఆవిడ చెప్పేది మాత్రం ఒక్కటే: "మా వదిన పెద్ద నర్సే, కానీ అడిగితే సెలైన్ పెట్టదు."